ఐదు డిస్కులు, ఒక తెల్ల పెయింటు డబ్బా

ఆ సోమవారం పొద్దున ఇస్రాయేలు వేసుకున్న పథకానికి మూడే మెట్లు. ఎనిమిదిన్నరకు ఆఫీసు చేరడం. తొమ్మిదింటికి కొత్త సర్వరు ఆన్ చేసి అంతా సరిచూసుకోవడం. పదకొండింటికి పట్నం నుంచి వచ్చే డైరెక్టరు మేడమ్ చేత ఒక మీట నొక్కించి మొదటి రైతు కార్డు ప్రింటు తీయడం. నాలుగో మెట్టు కూడా ఉంది గానీ దాన్ని అతను మనసులోనైనా గట్టిగా అనుకోలేదు. అది మేడమ్ చేతిసంచిలో ఉంది. ఎనిమిది నెలలుగా కాంట్రాక్టు మీద ఉన్న ఇస్రాయేలును పర్మనెంటు చేసే ఉత్తర్వు అది. టైపు అయింది, ముద్ర పడింది, సంతకం ఒక్కటే తక్కువ. మెషిను నడిస్తే సంతకం పడుతుంది. నడవకపోతే ఈ రైతు కార్డుల పథకమే వేరే జిల్లాకు పోతుంది, నెలాఖరుకు కాంట్రాక్టు ఊడుతుంది.

"ఇయ్యాలన్న పక్కా అయితవా కొడుకా?" అంది తల్లి సైదమ్మ, ఇస్త్రీ చేసిన చొక్కా అందిస్తూ.

"మెషిన్ నడిస్తే అయిత అమ్మా."

"నడవకపోతే?"

"నేను నడుస్త. ఇంటికి."

"పొద్దుపొద్దుగాల గవేం మాటలురా!" అని సైదమ్మ సద్దిడబ్బా మూత ఠక్కున మూసింది. తాత ముత్తాతల నుంచి ఇంకొకరి చేలో కూలి చేసిన ఇంట్లో నెల తిరగ్గానే జీతం తెచ్చిన మొదటివాడు ఇస్రాయేలు. ఆ జీతానికి కాంట్రాక్టు అనే తోక ఉన్నందుకు ఆమె ఎనిమిది నెలలుగా సరిగా నిద్రపోలేదు.

నల్లగొండలో అతను పనిచేసే చోటు బత్తాయి రైతుల సమాఖ్య. నలభై ఒక్క వేల మంది రైతులు, ఎవరికి ఎన్ని చెట్లు, ఎన్ని బోర్లు, ఆ బోర్లలో ఎన్నింట నీళ్లు, ఎన్నింట కన్నీళ్లు, ఇదంతా ఎనిమిది నెలలు కూర్చుని ఇస్రాయేలే టైపు కొట్టాడు. దాన్నిబట్టే ఈ ఎండాకాలానికి డ్రిప్పు పైపులు పంచుతారు. రైతులు నింపిన అసలు ఫారాలు గోదాములో ఉండేవి. చదువురాని చెదలు వాటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆపకుండా చదివేశాయి. టైపు కొట్టిన రెండు కంప్యూటర్లు కిరాయివి. శనివారం సాయంత్రం వివరాలన్నీ కొత్త సర్వరులోకి ఎక్కించి, పాతవి తుడిచేయగానే కిరాయి దుకాణం వాడు వాటిని రిక్షాలో వేసుకుపోయాడు. నకలు తీసే టేపు మెషిను సోమవారం పొద్దున ఇంజనీరు షరీఫ్ వెంట రావాలి. అంటే ఆ రెండు రాత్రులూ జిల్లాలోని బత్తాయి చెట్లన్నీ ఒక్క పెట్టెలోనే వేళ్లూనుకుని ఉన్నాయన్నమాట.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. చిన్న అలమార అంత ఉంటుంది. దానికి ఒకే వరుసలో ఐదు సొరుగులు, సొరుగుకొక డిస్కు. పిడి పట్టి లాగితే డిస్కు డిస్కంతా చేతిలోకి ఊడి వస్తుంది. దాన్ని బిగించిన శనివారం నాడే షరీఫ్ అందరినీ పిలిచి, పాలమూరులో పుట్టి పట్నంలో పెరిగిన తెలుగులో వివరించాడు.

"చూడుండ్రి. లోపల డిస్కులు ఐదు. బయటికి ఒక్కటే. ఐదుగురు అన్నదమ్ములు, ఒకటే ఇల్లు, ఒకటే దర్వాజ అనుకోండ్రి. బయటోనికి ఒక్క ఇల్లే కనబడ్తది. సర్వర్‌కు గూడ గట్లనే, ఒక్క పెద్ద డిస్కే కనబడ్తది. గది అసలు లేదు. కానీ ఉన్నది."

"లేనిది ఉన్నదా!" అన్నాడు మేనేజరు దశరథం గారు. ఆయన కళ్లద్దాలు శుక్రవారం నుంచి కనబడటం లేదు. అందుచేత ఉన్నవి కూడా ఆయనకు అంతంత మాత్రమే ఉన్నాయి. "సరే, గా లేని డిస్కుల జాగా ఎంత?"

"పదహారు గీగాబైట్లు సార్."

"గీ బైట్లా, గా బైట్లా? ఏదో ఒకటి చెప్పవయ్యా."

"ఈడున్నయి గీ బైట్లు సార్, రేపు వచ్చేటియి గా బైట్లు," అన్నాడు ఇస్రాయేలు. అందరూ నవ్వారు, స్టోర్సు గుమాస్తా ఐలేశం తప్ప.

ఐలేశం గారిలో లేశమైనా చెడ్డతనం లేదు. లేశమైనా సడలింపూ లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన నమ్మిన సత్యం ఒక్కటే: ఆఫీసులోకి వచ్చిన ప్రతి వస్తువుకూ తెల్ల పెయింటుతో స్టాకు నంబరు పడాలి. పెయింటే ఆయన పాయింటు. కుర్చీలకు నంబర్లు, పంకాలకు నంబర్లు, నీళ్ల కుండకు ఒక నంబరు, ఆ కుండ మూతకు మరో నంబరు. తడి ఆరని స్టూలు మీద కూర్చున్న పాపానికి అటెండరు బిక్షమ్మ చీర మీద 87 అని పడి, మూడు ఉతుకులకూ పోలేదు. ఆయన కంటి ముందు కాసేపు కదలకుండా నిలబడటానికి అందరికీ భయం.

"ఒక్కొక్కటి నాలుగు గీగాలు, గసొంటియి ఐదు కొన్నం," అన్నాడు ఐలేశం గారు వేళ్లు మడుస్తూ. "ఇరవై గావాలె. పదహారంటున్నవు. నాలుగు ఏడికి వోయినయి?"

"అంత జాగా కాపలాకు, హిఫాజత్‌కు పోతది సార్. అన్నదమ్ములల్ల ఒకడు ఊరికి పోయిండనుకోండ్రి. మిగిలిన నలుగురు కలిసి వాని పని గూడ జేస్తరు. ఇల్లు ఆగదు."

"అంటే ఐదోది లేకున్నా నడుస్తది?"

"మస్తు నడుస్తది. కాకుంటే, లేడు లేడు అని కీచుమని మొత్తుకుంటది. గంతే."

"గంతే సాలు," అన్నాడు ఐలేశం గారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకున్నది ఏమిటని అప్పుడెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీకు పది నిమిషాలు కలిసొచ్చేవి.

సోమవారం ఎనిమిదిన్నరకు మెషిను గది తెరిచిన ఇస్రాయేలుకు ఆ పెట్టె పళ్లన్నీ ఊడిన ముసలి నోరులా కనిపించింది. ఐదు సొరుగులూ ఖాళీ. అతను వరండాలోకి తల పెట్టి కేకేశాడు.

"బిక్షమ్మా! ఈడ ఐదు నల్ల డబ్బలుండె, ఏవి?"

బిక్షమ్మ ఊడ్చే చీపురు ఆపకుండానే చెప్పింది. "పొద్దుగాల ఆరింటికే ఐలేశం సారు వచ్చిండు కొడుకా. గవి గుంజిండు, నంబర్లేసిండు, మీద ఎండకు పెట్టిండు. ఆరేదాక ముట్టొద్దన్నడు."

"ఎండకా? గవేమన్న వడియాలా?"

"నాకేమెర్క బిడ్డా? నా మిరపకాయలు జర పక్కకు జరిపి జాగ గూడ ఇచ్చిన."

"సారేడి?"

"డైరెక్టరమ్మకు ఎదురుపోయిండు, జీపుల. నార్కట్‌పల్లి దాక."

ఇస్రాయేలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మేడ మీద పరదా గుడ్డపై ఎర్రగా మిరపకాయలు, వాటి పక్కన పిట్టగోడ వారగా నల్లగా డిస్కులు, వాటి పిడుల మీద తెల్లగా నంబర్లు నిగనిగలాడుతున్నాయి. 112. 113. 114. 115. ఇస్రాయేలు మళ్లీ లెక్కపెట్టాడు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి. ఎటు నుంచి పెట్టినా నాలుగే.

అంతలో నీళ్ల ట్యాంకు మీద నుంచి కిచకిచ వినిపించింది. ఒక బొద్దుపాటి కోతి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. దాని చంకలో నల్లటి డబ్బా.

"సార్!" అన్న అతని కేక విని దశరథం గారు గోడ తడుముకుంటూ పైకి వచ్చాడు.

"సార్, ఒక డిస్కు పోయింది. నాలుగే ఉన్నయి."

దశరథం గారు కళ్లు చికిలించి చూశాడు. "నాకు ఎనిమిది కనబడుతున్నయి గదనయ్యా. మూడు ఎక్కువనే ఉన్నయి."

"లే సార్. ఐదోది కోతి కాడున్నది. అగో!"

కోతి అనగానే మేనేజరు గారికి కళ్లు లేకపోయినా బుర్ర పనిచేసింది. ఊరి పక్క గుట్ట మీది కోతుల సంగతి ఆయనకు తెలుసు. అవి దొంగలు కావు, వ్యాపారులు. పండు ఇస్తే వస్తువు ఇస్తాయి. అయితే ఆ పూట ఆఫీసులో ఉన్న పండ్లన్నీ ఒక్కచోటే ఉన్నాయి. మేడమ్ స్వాగతం కోసం వెదురుబుట్టలో గోపురంలా పేర్చిన యాభై ఒక్క బత్తాయిలు.

"పైనున్న ఒక్కటి తే. ఒక్క పండుతోని ఆమెకేం తక్కువైతది?" అన్నాడు దశరథం గారు.

కోతి మొదటి పండును అందుకుంది, ఒలుచుకుంది, తిన్నది. డబ్బా వదల్లేదు. రెండోది తిన్నది. మూడో పండుకు దాని ఆడబిడ్డ వచ్చింది. ఐదో పండుకు ఆడబిడ్డ అత్తవారు వచ్చారు. ఆ తర్వాత ఎవరు ఎవరి తరఫు చుట్టమో చెప్పడం కష్టం. పిట్టగోడ మీద బంతి కుదిరింది. బిక్షమ్మ కింది నుంచి పండ్లు అందించడం, ఇస్రాయేలు విసరడం, దశరథం గారు "ఇగ ఇస్తది, ఇగ ఇస్తది" అంటూ ధైర్యం చెప్పడం. బత్తాయి రసం పీల్చే కోతుల ముందు ముగ్గురు మనుషులకు నీరసం వచ్చింది.

చివరి పండు పెద్దది. ఒక చేతికి లొంగలేదు. రెండో చేతి కోసం కోతి డబ్బాను వదిలేసింది. ఇస్రాయేలు గాల్లోకి ఎగిరి దాన్ని పట్టుకుని, పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే మిరపకాయల మీద పడ్డాడు. మంటపుట్టే కళ్లతో చూస్తే అది డిస్కు కాదు. డిస్కుకు అన్నీ తక్కువే. నల్ల రెగ్జిన్ డబ్బా. మూత తీస్తే లోపల కళ్లద్దాలు.

"నా అద్దాలు!" దశరథం గారు వాటిని లాక్కుని పెట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత ప్రపంచాన్ని చూశాడు. డిస్కుల వైపు చూశాడు. "ఇస్రాయేలూ! నాలుగే ఉన్నయి గదనయ్యా! ఐదోదేది?"

"గదే చెప్తున్న సార్, గంట సంది," అన్నాడు ఇస్రాయేలు కళ్లు నలుపుకుంటూ. కారం అతని కళ్లకు, ఆకారం మేనేజరు కళ్లకు దక్కాయి.

పదింటికి ఫోను మోగింది. షరీఫ్.

"భాయ్, నేను కట్టంగూర్‌ల ఉన్న."

"కట్టంగూరా? నార్కట్‌పల్లి కాడ దిగి ఇటు మళ్లాలె గద!"

"జర నిద్ర పట్టింది. కండక్టర్ లేపి, కట్టంగూర్ వచ్చింది, టికెట్టు దాటి వచ్చినవు అన్నడు. ఏదో ఒకటి పట్టుకుని వస్త. మీ దగ్గర అంతా ఖైరియత్ గదా?"

ఇస్రాయేలు ఖైరియత్ ఎంత మాత్రం ఉందో చెప్పాడు. అవతల లారీ హారను మోగింది.

"ఎన్ని ఉన్నయి?"

"నాలుగు."

"చార్? యా అల్లా, బతికినం! చార్ కాఫీ హై భాయ్. కాఫీ హై!"

ఫోనుకు రెండో వైపు చెవి ఆనించి ఉన్న దశరథం గారు తల బయటికి పెట్టి అరిచాడు. "బిక్షమ్మా! నాలుగు కాఫీలు పెట్టు. ఇంజనీరు అడుగుతుండు."

"సాలు అంటుండు సారూ," అంది బిక్షమ్మ లోపలి నుంచి. ఆమె పుట్టి పెరిగింది మసీదు గల్లీలోనే. అయినా మేనేజరు చెప్పాడు కాబట్టి నీళ్లు పెట్టింది. స్వాగతానికి బత్తాయిలు ఎలాగూ లేవు.

"కానీ భాయ్, విను," అన్నాడు షరీఫ్. "ఈ డబ్బకు వరుస ముఖ్యం. ఏది ఏ సొరుగుల ఉండెనో గండ్లనే పెట్టాలె. వరుస తప్పించి ఆన్ చేసినవో, అన్నదమ్ములు ఒకని మాట ఒకనికి తెల్వక ఇల్లు పంచుకుంటరు. మల్ల ఎంత మంది పెద్దమనుషులు కూసున్నా కలవదు."

"మరి గుర్తెట్ల?"

"గుంజినోన్ని అడుగు..." అని షరీఫ్ అంటుండగానే లైను తెగింది.

గుంజినవాడు జీపులో ఉన్నాడు, మేడమ్ ఎదురుగా. సెల్లుఫోను అనేది అప్పటికి జిల్లాలో బత్తాయి చెట్టుకు మామిడికాయంత అరుదు. ఇస్రాయేలు నాలుగు డిస్కులనూ పసిపిల్లలను దించినట్టు మేడ మీది నుంచి దించి, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నంబర్లున్నాయి. 112 మొదటిది, 115 నాలుగోది. తెలుగు రాసినా లెక్క రాసినా ఎడమ నుంచి కుడికే రాస్తాం. అలాంటప్పుడు 112 ఎడమ చివరన ఉండాలి. అంతేగా? అంతే. ఒక్కొక్కటే తోశాడు. ఎడమ నుంచి నాలుగు నిండాయి, కుడి చివరిది ఖాళీగా మిగిలింది. వేళ్ల నిండా తెల్ల పెయింటు అంటుకుంది.

"ఆన్ చెయ్యి," అన్నాడు దశరథం గారు.

"ఐలేశం సారు వచ్చేదాక ఆగుదాం సార్."

"ఆమె గూడ వచ్చేది ఆయనతోనే గదనయ్యా! వచ్చేసరికి నల్లటి తెర చూపెడదామా? చెయ్యి ఆన్!"

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఇస్రాయేలు మీట మీద వేలు పెట్టాడు. నలభై ఒక్క వేల మంది ఆ వేలి కింద ఉన్నారు. వాళ్ల వెనక ఇస్త్రీ పెట్టె పట్టుకుని సైదమ్మ ఉంది. మనసు ఒకటి చెబుతోంది, మేనేజరు ఒకటి చెబుతున్నాడు. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఆగు పిలగా! ఎవడు పెట్టిండు గిట్ల?"

గుమ్మంలో ఐలేశం గారు. మేడమ్‌ను బయట పూలదండల దగ్గర వదిలేసి, మేడ మీది పెయింటు ఆరిందో లేదో చూసుకుందామని ముందే పరుగెత్తుకొచ్చి, దారిలో ఈ గదిలోకి తొంగి చూశాడు.

"ఏమైంది సార్?" ఇస్రాయేలు వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏమైందంటవా? నా నంబర్లన్నీ ఉల్టా పెట్టినవ్! స్టాకు నంబరు ఎప్పుడైనా దర్వాజ కాడికెళ్లి మొదలైతది. దర్వాజకు దగ్గరున్నది మొదటిది. ముప్పై ఏండ్ల సంది గదే రూలు. కుర్చీలు చూడు, పంకాలు చూడు!"

ఇస్రాయేలు తల తిప్పి చూశాడు. తలుపు కుడివైపున ఉంది. తలుపు పక్క కుర్చీ 31, దాని ఎడమది 32. ఎనిమిది నెలలుగా వాటి మీద కూర్చుంటున్నాడు గానీ ఏనాడూ చదవలేదు. గబగబా నాలుగూ లాగి, 112ను కుడి చివరన, దాని ఎడమ పక్కన 113, అలా అలా తోశాడు. ఈసారి ఎడమ చివరిది ఖాళీగా మిగిలింది.

"ఐదోది సార్? గది కోతి ఎత్తుకపోయిందనుకున్నం."

"కోతెందుకు ఎత్తుకపోతది? నేనే ఎత్తిపెట్టిన. అలమారల. నూట పదహారు."

"అలమారలనా! ఎందుకు?"

"స్పేర్ గద!" ఐలేశం గారికి ఇంత చిన్న విషయం కూడా చెప్పాల్సి వచ్చినందుకు విచారం కలిగింది. "ఐదోది లేకున్నా నడుస్తదని ఇంజనీరే చెప్పె. లేకున్నా నడిచేటిది స్పేరు. స్పేరు స్టోర్ల ఉండాలె, తాళం కింద. బయట పెడితే రేపు ఇనస్పెక్షన్ల జవాబెవరు చెప్తరు?"

"తాళంచెయ్యి?"

"ఇంట్ల. రామగిరిల. బియ్యం డబ్బల. జీపెక్కే ముందు పెట్టొచ్చిన."

తాళం వేసినవాడు తాపీగానే ఉన్నాడు. విన్నవాళ్లే తాళలేకపోయారు. కానీ ఎవరూ ఏమీ అనడానికి వ్యవధి లేదు. డైరెక్టరు జాహేదా మేడమ్ లోపలికి వచ్చేసింది. సన్నటి మనిషి, గట్టి అడుగు. ఆమె వెనక షామియానా మీద ఇరవై కోతులు కూర్చుని ఇంకా ఏమైనా పెడతారేమో అని చూస్తున్నాయి.

బిక్షమ్మ కాఫీ అందించింది.

"బత్తాయి ఆఫీసుల కాఫీనా?" అంది మేడమ్. "ఇయ్యాల యాభై ఒక్క పండ్ల బుట్ట ఇస్తమని లెటర్ల రాసిండ్రు గద."

"పంచిపెట్టినం మేడమ్," అన్నాడు దశరథం గారు.

"ఎవరికి?"

"స్థానికులకు."

ఇక చేసేదేమీ లేక ఇస్రాయేలు మీట నొక్కాడు. పంకా గిర్రుమంది. కుడి నుంచి ఒక పచ్చ దీపం, రెండు, మూడు. నాలుగో దీపం వెలగడానికి పట్టిన రెండు క్షణాల్లో అతను బైబిలులో తనకు నోటికి వచ్చిన వాక్యాలన్నీ చెప్పుకున్నాడు. వెలిగింది. ఆ వెంటనే "కీ... కీ... కీ..." అని పెట్టె మొత్తుకోవడం మొదలుపెట్టింది. తెర మీద మాత్రం, షరీఫ్ చెప్పినట్టే, ఒక్క పెద్ద డిస్కు పదహారు గీగాబైట్లతో నిండుగా నిలబడింది.

"ఏంది గా సప్పుడు?" అంది మేడమ్.

"మెషిన్ మీకు సలాం జేస్తుంది మేడమ్," అన్నాడు దశరథం గారు.

మేడమ్ ఆయన్ను కళ్లద్దాల మీది నుంచి కింది దాకా ఒకసారి చూసి, ఇస్రాయేలు వైపు తిరిగింది. "పోయిన నెల ఇంకో జిల్లాల ఒక్క డిస్కు ఖరాబైంది. రైతుల పేర్లన్నీ పోయినయి. ఇక్కడ గూడ ఒక డిస్కు పోయిందనుకో. ఏం జేస్తవు?"

దశరథం గారు మేడమ్ వెనక నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఏదో ఒకటి చెప్పి గండం దాటించు అని దాని అర్థం. ఇస్రాయేలు తన తెల్లటి వేళ్లు చూసుకున్నాడు. పొద్దుటి నుంచి కోతులకు సైతం న్యాయంగా ఇచ్చి పుచ్చుకున్నవాడు, ఈమెకు అబద్ధం ఎలా ఇస్తాడు?

"పోయిందనుకునేదేం లేదు మేడమ్. పోయింది."

"ఏమిటి?"

"ఒకటి లేదు మేడమ్. అగో, ఎడమ చివరిది ఖాళీ. గది లేదనే మొత్తుకుంటుంది. నాలుగే ఉన్నయి."

దశరథం గారు చేతికందిన స్టూలు మీద కూలబడ్డాడు. మేడమ్ వంగి ఖాళీ సొరుగులోకి చూసింది. వేలు పెట్టి చూసింది.

"మరి పేర్లు?"

"మీరే నొక్కుండ్రి మేడమ్."

ఆమె నొక్కింది. ప్రింటరు గొంతు సవరించుకుని కర్రుకర్రుమంటూ ఒక కార్డు కక్కింది. గుర్వయ్య, కట్టంగూర్, చెట్లు రెండు వందల పన్నెండు, బోర్లు మూడు, నీళ్లున్నది ఒకటి. మేడమ్ మరో ఊరు అడిగింది, వచ్చింది. ఇంకొకటి అడిగింది. ఐదో కార్డు వచ్చేసరికి ఆమె ముఖంలో బిగువు సడలింది.

"నాకు చూపెట్టనీకి కావాలనే ఒకటి తీసి పెట్టిన్రా?"

ఔనని చెప్పమని దశరథం గారి తల పైకీ కిందికీ ఊగుతోంది. ఇస్రాయేలు తల అడ్డంగా ఊగింది. "లే మేడమ్. తప్పే అయింది. అయిదూ గుంజి పెయింటేసిన్రు. ఒకటి అలమారల ఉన్నది, తాళంచెయ్యి బియ్యంల ఉన్నది."

"తప్పెట్లయితది?" ఐలేశం గారు ముందుకొచ్చాడు. "రూలు ప్రకారం..."

మేడమ్ నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత అది సరిపోలేదు. "జాగ్రత్తగ పెట్టిన పరీక్షల ఏ మెషినైనా పాసయితదయ్యా. మీ ఆఫీసుల గూడ బతికి బయటపడ్డదంటే ఇగ దీనికి సావు లేదు." ఆమె చేతిసంచి తెరిచి ఉత్తర్వు తీసింది. అక్కడే నిలబడి సంతకం పెట్టింది. బిక్షమ్మ ఆ సంబరంలో రెండో కప్పు పోయబోయింది.

"బస్, కాఫీ," అంది మేడమ్ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టి.

"కాఫీనే మేడమ్," అన్నాడు దశరథం గారు.

ఇస్రాయేలు రెండు చేతులతో ఉత్తర్వు అందుకున్నాడు. అతని బొటనవేలి ముద్ర కాగితం అంచున తెల్లగా పడింది. ఐలేశం గారు దాన్ని పరీక్షగా చూసి తృప్తిగా తలాడించాడు. "ఇగ ఫికర్ లేదు పిలగా. పెయింటు పడ్డది గద, పక్కా అయినట్టే." ఇస్రాయేలుకు ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఉంది, రావడం లేదు. డిస్కులు ఊడబెరికింది ఈయనే, కానీ ఈయన రూలే లేకపోతే ఈపాటికి నలభై ఒక్క వేల మందీ గాలిలో కలిసేవాళ్లు.

మధ్యాహ్నానికి షరీఫ్ గడ్డి లారీ ఎక్కి, టేపు మెషినును ఒళ్లో పెట్టుకుని దిగాడు. తలలో గడ్డిపోచలు ఏరుకుంటూ కథంతా విని, రామగిరి నుంచి బియ్యం గింజలతో సహా వచ్చిన తాళంచెవితో 116ను విడిపించి, ఎడమ చివరి సొరుగులో తోశాడు. దీపం మినుకుమినుకుమంది.

"ఇప్పుడేమైతుంది భాయ్?"

"ఊరికెళ్లిన అన్నదమ్ముడు తిరిగొచ్చిండు. మిగిలిన నలుగురు కూసోబెట్టి, వాడు లేనప్పుడు ఏమేం జరిగిందో అన్నీ చెప్తున్నరు. పొద్దూకేసరికి అయిపోతది."

పొద్దూకేసరికి కీచుమనడం ఆగింది. టేపు మీద నకలు కూడా దిగింది. సైదమ్మ ఆ రాత్రి ఉత్తర్వును దీపం దగ్గర పెట్టి, అక్షరాలు రాకపోయినా తెల్ల మచ్చను మాత్రం మూడుసార్లు తడిమి, ఎనిమిది నెలల బాకీ నిద్ర ఒక్కసారే పోయింది.

ఇక మిగిలింది ఐలేశం గారే. ఆయన సాయంత్రమంతా తెర ముందు నిలబడి, స్టాకు రిజిస్టరులోకి ఒకసారి, తెరలోకి ఒకసారి చూస్తూనే ఉన్నాడు.

"ఇస్రాయేలూ, గీ పదహారు గీగాల పెద్ద డిస్కు, మన ఐదుట్ల ఏది?"

"ఏదీ కాదు సార్. గది వేరే. లేదు, కానీ ఉన్నది."

"ఉన్నదంటే నంబరు పడాలె గద?" అంటూ ఆయన కుంచె ముంచి తెర మీదికి చెయ్యి చాచాడు. ఇస్రాయేలు, షరీఫ్ ఇద్దరూ అడ్డం నిలబడి ఆయన చేతులు పట్టుకుని బయటికి నడిపించారు.

మరునాడు స్టాకు రిజిస్టరులో 117వ నంబరు ఎదుట గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "పెద్ద డిస్కు ఒకటి. కంటికి కనబడదు. పరిస్థితి బాగున్నది."